ఉచిత శస్త్రచికిత్స – వారము దినముల కూలి

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగువారి సామెత. పైకి కనిపించు ఖర్చు వేరు, తుదకు చేతినుండి పోవు ఖర్చు వేరు అనుట దాని తాత్పర్యము. ఈ మాట ఇంటికి, పెండ్లికి మాత్రమే కాదు, పదిహేను నిమిషములలో ముగియు ఒక చిన్న శస్త్రచికిత్సకును వర్తించును. పురుషులకు చేయు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, అనగా వేసెక్టమీ, ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ జరుగును. వైద్యునికిగాని, మందులకుగాని రొక్కము చెల్లింపనక్కరలేదు. పైగా చేయించుకొనినవానికే ప్రభుత్వము కొంత సొమ్ము ఇచ్చును.

అయినను దీనికి ముందుకు వచ్చువారు బహు అరుదు. 2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది తామే ట్యూబెక్టమీ చేయించుకొనినవారు. భర్త వేసెక్టమీ చేయించుకొనిన దంపతులు వేయింటికి మూడు జంటలు మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో శస్త్రచికిత్స చేయించుకొనిన స్త్రీలు నూటికి సుమారు 70 మంది. తెలంగాణలో నూటికి సుమారు 62 మంది. దేశములో మరెక్కడను లేనంత భారమును తెలుగునాట స్త్రీయే మోయుచున్నదని చెప్పిన అతిశయోక్తి కాజాలదు.

ఉచితమును, సులభమును అయిన మార్గము భర్త యెదుట ఉండగా, అంతకంటె కష్టమైన మార్గమును భార్య ఏల పట్టవలసివచ్చుచున్నది? భయము, అపోహ, మగతనమును గూర్చిన తప్పుడు భావన దీనికి కారణములని చెప్పుట పరిపాటి. అవి లేకపోలేదు. కాని వానివెనుక ఒక లెక్క కూడ ఉన్నది. దినకూలితో జీవించు కుటుంబము పురుషుని విశ్రాంతికి వెలకట్టుచున్నది. స్త్రీ విశ్రాంతికి వెలకట్టుట లేదు. ప్రభుత్వమిచ్చు సొమ్మునకు నష్టపరిహారమని పేరున్నను, అది నష్టమును కొలిచి ఇచ్చునది కాదు. ఇంటి లెక్కను, సర్కారు లెక్కను సరిదిద్దనంతవరకు, వేసెక్టమీ ఉచితమని ఎంత చాటినను కలుగు ప్రయోజనము స్వల్పము.

శస్త్రచికిత్స యెట్టిది

ఖర్చును లెక్కించుటకు ముందు పని యెంతటిదో తెలియవలెను. పురుషుని వృషణములలో పుట్టు బీజకణములు రెండు సన్నని గొట్టములగుండ పైకిపోయి వీర్యములో కలియును. ఈ గొట్టములకు వీర్యవాహికలని పేరు. వేసెక్టమీయందు వైద్యుడు సూదిమందుతో ఆ చోటును మాత్రము మొద్దుబార్చి, వీర్యవాహికలను వెలికిదీసి, చిన్నముక్క కత్తిరించి, కొసలను ముడివేయును. 1974లో చైనాదేశపు వైద్యుడు లీ షున్‌చియాంగ్ కత్తితో కోయకనే, మొనదేలిన పట్టుకారుతో చర్మమున చిన్న రంధ్రము చేసి ఈ పని ముగించు పద్ధతిని రూపొందించెను. కోతయు, కుట్టును లేని ఈ పద్ధతి 1990ల నుండి భారతదేశమున వ్యాపించినది. కుట్లు లేవు గనుక కుట్లు విప్పించుకొనుటకు మరల పోవలసిన పనియు లేదు. అరగంట విశ్రాంతి తరువాత, వైద్యుడు చూచి సరియన్న పిమ్మట, మనిషి నడిచి ఇంటికి పోవచ్చును.

శరీరబలమునకును, గడ్డము మీసములకును, దాంపత్య సుఖమునకును ఆధారమైన హార్మోను వృషణములనుండి నేరుగ రక్తములో కలియును. అది వీర్యవాహికలగుండ పోవునది కాదు. కావున గొట్టములు మూసినంతమాత్రమున పురుషుడు బలహీనుడగుననుట నిజము కాదు. గునపము పట్టిన చేయి మరల గునపము పట్టగలదు. కొన్ని దినములు నొప్పియు, వాపును ఉండవచ్చును. కొందరికి రక్తము గడ్డకట్టుట, చీముపట్టుట సంభవించును. నూటికి ఒకరిద్దరికి నొప్పి చాలకాలము మిగిలియుండుటయు కలదు. ఈ సంగతులను దాచక ముందే చెప్పుట వైద్యశాఖ విధి.

స్త్రీకి చేయు ట్యూబెక్టమీ ఇంత తేలికయైనది కాదు. అందులో పొత్తికడుపును తెరచి లోనికి పోవలెను. శిక్షణగల వైద్యుడు, శుభ్రమైన పరికరములు, తగిన పర్యవేక్షణ ఉన్నచోట అదియు క్షేమకరమైనదే. కాని పొరపాటు జరిగినప్పుడు ప్రాణము మీదికి వచ్చునది అదియే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము బిలాస్‌పూర్ జిల్లాలో జరిగిన శిబిరముల పిమ్మట పదిమందికి పైగా స్త్రీలు మరణించుట దేశమంతయు ఎరిగిన విషయమే. రెండింటిలో చిన్నది పురుషునిదే అనునది వైద్యశాస్త్రము అంగీకరించిన సత్యము.

కూలివాని లెక్క

ఇక ఖర్చు. ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము వేసెక్టమీ చేయించుకొనినవాడు నలుబదియెనిమిది గంటలు విశ్రాంతి తీసికొనవలెను. తరువాత తేలికపని చేసికొనవచ్చును. బరువులెత్తుట, సైకిలు త్రొక్కుట వంటివి వారము దినములు మానవలెను. నెలజీతము తెచ్చుకొనువానికి ఈ మాట తేలికగ వినిపించును. ప్రభుత్వోద్యోగికి ఇందుకొరకు జీతము కోతలేని ప్రత్యేక ఆకస్మిక సెలవు కలదు. కాని బస్తాలు మోయు హమాలీకి, తాడిచెట్టెక్కు గీతకార్మికునికి, రిక్షా త్రొక్కువానికి, తాపీమేస్త్రి చేతిక్రింద ఇటుకలందించువానికి వారము దినముల విశ్రాంతియనగా వారము దినముల కూలి పోవుటయే.

ఉదాహరణకు దినమునకు 500 రూపాయలు సంపాదించు కూలివాని తీసికొందము. శస్త్రచికిత్సనాటితో కలిపి ఏడు దినములకు 3,500 రూపాయలు పోవును. తోడు వచ్చినవాని ఒకదినపు కూలి 500. మూడునెలల తరువాత వీర్యపరీక్షకు పోవు దినమున పోవు కూలి మరియొక 500. రెండు ప్రయాణములకును బస్సు ఛార్జీలు 300 అనుకొనిన, మొత్తము 4,800 రూపాయలు. కూర్చుండి పనిచేయు దర్జీవంటివానికి మూడు దినముల విశ్రాంతియే చాలునేని ఇదే లెక్కన 2,800 అగును. ఉచితమైన శస్త్రచికిత్సకు బీదవాడు చెల్లించు వెల ఇది. ఈ వెల ఏ చీటీమీదను వ్రాసియుండదు. ఏ గుమాస్తాయు వసూలు చేయడు. అయినను అది చెల్లక తప్పదు.

దీనికి ఎదురుగ వచ్చునదెంత? 2007లో కేంద్రప్రభుత్వము ప్రభుత్వ వైద్యశాలలో వేసెక్టమీ చేయించుకొనినవానికి 1,100 రూపాయలు ఇవ్వవలెనని నిర్ణయించినది. ఆనాడు ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి దినకూలి 80 రూపాయలు. ఆ లెక్కన 1,100 రూపాయలనగా సుమారు పదునాలుగు దినముల కూలి. 2025–26కు అదే పనికి రెండు తెలుగు రాష్ట్రములలోను నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. ఈ లెక్కన 1,100 రూపాయలు నాలుగు దినముల కూలికైనను చాలవు. సొమ్ము అంకె మారలేదు. దాని విలువ మాత్రము మూడింట రెండువంతులకు పైగా కరగిపోయినది. 2014లో ఉత్తరప్రదేశ్, బీహారు మొదలైన పదకొండు రాష్ట్రములకు ఈ మొత్తము 2,000కు పెంచబడినది. 2016లో ఆరంభమైన మిషన్ పరివార్ వికాస్ క్రింద ఏడు రాష్ట్రములలోని 146 జిల్లాలకు 3,000 అయినది. జననములు అధికముగ నున్న ప్రాంతములకే ఆ పెంపుదల వర్తించినది. ఆ జాబితాలో తెలుగు రాష్ట్రములు లేవు.

ఇందులోనే ఒక దోషము దాగియున్నది. ఊరిలో జననములు ఎక్కువైనను, తక్కువైనను, కూలివాడు పోగొట్టుకొనునది కూలియే గదా! పరిహారమును జననముల లెక్కనుబట్టి హెచ్చించి తగ్గించినప్పుడు అది పరిహారము కాక బహుమానమగును. బహుమానము ఇచ్చువాని అవసరమును బట్టి మారును. పరిహారము పుచ్చుకొనువాని నష్టమును బట్టి మారవలెను.

లెక్కకు రాని పని

ఇంటి లెక్కలోను ఇట్టి దోషమే ఉన్నది. భర్త వారము దినములు పనికి పోకున్న ఎంత నష్టమో ఇంటిల్లిపాదికి తెలియును. భార్య వారము దినములు మంచముపట్టిన ఎంత నష్టమో ఎవరును అడుగరు. ఆమె నీళ్లు మోయును, వంట చేయును, బిడ్డల నెత్తుకొనును, పాడి చూచును. ఈ పనులలో దేనికిని కూలి లేదు. కూలి లేని పని ఆగినచో నష్టము లేదని తలంచుట లోకరీతి. కావున శస్త్రచికిత్స ఎవరికని ఆలోచన వచ్చినపుడు, ఇంటికి చవుకగ కనిపించునది భార్యయే అగుచున్నది. భర్తకు పోవు 3,500 రూపాయలు కండ్లయెదుట నిలుచును. భార్యకు కలుగు పెద్దకోత లెక్కలో సున్నగ మిగులును.

కాని ఆ సున్న నిజమైన సున్న కాదు. కడుపు కోత మానువరకు ఆమెయు బరువెత్తరాదు. పసిబిడ్డను ఎత్తరాదు, బిందె మోయరాదు. ఆమె చేయని పనిని ఎవరో ఒకరు చేయవలెను. తల్లి వచ్చి ఉండవలెను. లేదా పెద్దకూతురు బడి మానవలెను. ఆమె పొలముపనికి పోవునదైన, నాట్లకో కలుపునకో వచ్చు కూలియు పోవును. ఇవన్నియు ఖర్చులే. పైగా పురుషునితో పోల్చిన స్త్రీ కోలుకొను కాలము ఎక్కువ, ప్రమాదము ఎక్కువ. ఇంటిలో ఇరువురి పనికిని సమానముగ వెలకట్టి కూడిన, చవుకయైన మార్గము వేసెక్టమీయే అని తేలును. పలక పట్టుకొని ఈ లెక్కను ఒక్కమారు వేయని కుటుంబము, తక్కువ ఖర్చని భ్రమించి ఎక్కువ ఖర్చునే ఎన్నుకొనుచున్నది.

సొమ్ము ఎరయైన కాలము

పరిహారమును పెంచవలెననగానే కొందరు పెద్దలు సందేహింతురు. సొమ్ము చూపి బీదవానిని శస్త్రచికిత్సకు రప్పించుట తగునా అని వారి ప్రశ్న. ఆ సందేహమునకు ఆధారము లేకపోలేదు.

1952లో కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగ చేపట్టుటలో ప్రపంచమునకే ముందునడచినది భారతదేశము. 1960ల చివర జరిగిన శస్త్రచికిత్సలలో అత్యధికభాగము పురుషులవే. పురుషుడు స్వభావముచేతనే దీనికి ఒప్పుకొనడను మాట చరిత్రకు విరుద్ధమని దీనివలన తేలుచున్నది. 1971 జూలైలో కేరళరాష్ట్రము ఎర్నాకుళములో జిల్లా కలెక్టరు ఎస్. కృష్ణకుమార్ ఆధ్వర్యమున జరిగిన శిబిరములో ఒక్కనెలలో అరువదిమూడు వేలకు పైగా వేసెక్టమీలు జరిగినవి. వచ్చినవారికి రొక్కమును, వస్తువులను ఇచ్చిరి. ఆ విజయమును చూచి దేశమంతట శిబిరములు వెలసినవి. సొమ్ము క్రమముగ ఎరయై, ఎర క్రమముగ ఒత్తిడియైనది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976–77 సంవత్సరములో, సుమారు 82 లక్షల శస్త్రచికిత్సలు జరిగినవి. వానిలో నాలుగింట మూడువంతులు పురుషులవి. ఉద్యోగులకు లక్ష్యములు విధించుట, జీతములు ఆపుదుమని బెదరించుట, పట్టి తెచ్చుట వంటి అకృత్యములను తరువాత షా కమిషను నమోదు చేసినది. నాటి భయము తండ్రులనుండి కుమారులకు దిగినది. వేసెక్టమీ పేరు చెప్పగానే ముఖము చాటుచేయు నేటి పురుషుని వెనుక ఆ సంవత్సరపు నీడ కలదు. నాటి బలాత్కారమునకు వెల నేటి స్త్రీ చెల్లించుచున్నది.

ఈ చరిత్ర నేర్పు పాఠము సొమ్ము ఈయరాదని కాదు. నష్టమునకు మించి ఈయరాదని, లక్ష్యములకు ముడిపెట్టి ఈయరాదని. పోయిన కూలిని పోయినంతమేర పూడ్చుట ఎర కాదు. అది పూడ్చకుండుటయే బీదవానికి అన్యాయము. ఏలయన కలవాడు విశ్రాంతిని కొనగలడు, లేనివాడు కొనలేడు. 1996లో కేంద్రప్రభుత్వము లక్ష్యముల విధానమును మానుకొన్నది. అయిదవ సర్వేనాటికి దేశమున ఒక్కొక్క స్త్రీకి కలుగు బిడ్డల సగటు 2.0కు, ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కు దిగినది. జనసంఖ్య పేరుతో ఎవరినైనను తొందరపెట్టుటకు ఇక హేతువేదియు లేదు. మిగిలినదొక్కటే: బిడ్డలు చాలుననుకొన్న దంపతులలో ఆ భారమును ఎవరు మోయవలెనను ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము ఇరువురును కలిసి చెప్పవలెను, కూలిలెక్క చెప్పరాదు.

అదను చూచి చేయుట

పరిహారము పెరుగునంతవరకు కుటుంబము చేయదగిన ఉపాయములు కొన్ని కలవు. వానిలో మొదటిది అదను. వ్యవసాయదారునికి అదను విలువ వేరుగ చెప్పనక్కరలేదు. వేసెక్టమీ తొందరపడి చేయవలసినది కాదు. దంపతులు తమకు అనుకూలమైన వారమును ఎన్నుకొనవచ్చును. పని తక్కువగనున్న వారమున పోవు కూలియు తక్కువ.

కాని ప్రభుత్వము దేశమంతట జరుపు వేసెక్టమీ పక్షము నవంబరు 21 నుండి డిసెంబరు 4 వరకు వచ్చును. గోదావరి, కృష్ణా డెల్టాలలో అది సార్వా వరికోతల కాలము. తెలంగాణలో ప్రత్తి ఏరు కాలము. సంవత్సరమంతయు చూచుకొనిన కూలివానికి ఎక్కువ పని దొరకునది ఆ దినములలోనే. ఆ దినములలో పోగొట్టుకొను వారము మిగిలిన దినములలోని వారముకంటె ఖరీదైనది. ప్రచారమును ఆ పక్షమున జరిపినను, శస్త్రచికిత్సలు ఆయా ప్రాంతముల తీరికకాలమున జరుగునట్లు జిల్లా వైద్యాధికారులు ఏర్పాటు చేసిన మేలు. దాళ్వా కోతలు ముగిసి, తొలకరి పడకముందు రైతుకూలికి కొంత తెరపి దొరకును. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలతో చేపలవేట నిషిద్ధము. ఆ అరువదియొక్క దినములలో వల ఎటులను ఒడ్డుననే ఉండును గనుక, మత్స్యకారునికి వారము విశ్రాంతి వలన పోవునది అల్పము. ఇటుకబట్టీలకు, పట్టణములలో కట్టడపు పనులకు వలసపోవువాడు ఊరు విడుచుటకు రెండువారముల ముందు చేయించుకొనిన, కోలుకొన్న తరువాతనే పనిలో చేరును. ఎవరి వృత్తికి తగిన అదను వారికే తెలియును. వైద్యశాల ద్వారము మాత్రము ఆ అదనున తెరచియుండవలెను.

రెండవ ఉపాయము ముందే అడిగి తెలిసికొనుట. ఏ వైద్యశాలలో శిక్షణపొందిన వైద్యుడు ఏ దినమున ఉండునో, తమ రాష్ట్రమున అప్పటికి ఇచ్చు మొత్తము ఎంతయో, ఏ కాగితములు కావలెనో ఆశా కార్యకర్తనుగాని, ఏ.ఎన్.ఎం.నుగాని అడిగి పోయినవాడు ఒకేమారు పోయి వచ్చును. అడుగక పోయినవాడు రెండు మూడు మారులు తిరుగును. ఒక్కొక్క తిరుగుడును ఒకదినపు కూలి. బ్యాంకు పాసుపుస్తకము మరచుటచేత సొమ్ము నెలలతరబడి నిలిచిపోయిన పరిహారము సమయమునకు అక్కరకు రాదు. ప్రైవేటు వైద్యశాలలో చేయించుకొనదలచినవారు మొత్తము ఖర్చును, పరీక్షల ఖర్చుతో సహా, ముందే వ్రాయించుకొనవలెను.

తరువాత వచ్చు ఖర్చు

అన్నిటికంటె పెద్దఖర్చు అశ్రద్ధవలన వచ్చునది. వేసెక్టమీ జరిగిననాటినుండియే ఫలము ఈయదు. గొట్టములలో అప్పటికే చేరియున్న బీజకణములు వెలుపలికి పోవుటకు సుమారు మూడునెలలు పట్టును. అంతవరకు నిరోధ్ వాడవలెను. అది ఆరోగ్యకేంద్రములో ఉచితముగ దొరకును. మూడునెలల తరువాత వీర్యపరీక్షలో బీజకణములు లేవని తేలిననాడే శస్త్రచికిత్స సఫలమైనదని ధృవపత్రము ఇత్తురు. కూలి పోవునని ఆ ఒక్కదినము పరీక్షకు పోనివాడు, 500 రూపాయలు మిగుల్చుకొని, కోరని గర్భమును ఇంటికి తెచ్చుకొనవచ్చును. అప్పుడు భార్యపై వచ్చు నిందకు, ఇంటిలో రేగు కలతకు వెలకట్టగలవారెవరు? పరీక్షకు వచ్చినదినపు కూలిని, ఛార్జీని ప్రభుత్వమే వేరుగ చెల్లించిన ఈ నష్టము చాలవరకు తప్పును.

పరీక్ష సరియైన పిమ్మటను శస్త్రచికిత్స విఫలమగుట మిక్కిలి అరుదుగ కలదు. అది ఎల్లప్పుడు వైద్యుని తప్పే కానక్కరలేదు. తెగిన కొసలు తమంతట తామే కలియుటయు ఉండును. 2005లో రమాకాంత్ రాయ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశముల పిమ్మట, ఇట్టి సందర్భములకై భీమా ఏర్పాటు అదే సంవత్సరము మొదలైనది. 2013 నాటి కుటుంబ నియంత్రణ నష్టపరిహార పథకమున విఫలమైనచో 30,000 రూపాయలు, చిక్కులు వచ్చినచో చికిత్సకు 25,000 వరకు, వైద్యశాలలోగాని ఇంటికి వచ్చిన ఏడుదినములలోగాని మరణించినచో కుటుంబమునకు 2,00,000 రూపాయలు నిర్ణయింపబడినవి. ఈ మొత్తములను గణనీయముగ పెంచవలెనని 2016లో దేవికా బిశ్వాస్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినది. ఆ తీర్పులోనే శిబిరముల పద్ధతిని మూడేండ్లలో మానిపింపవలెనని కూడ ఆదేశించినది. ఈ హక్కును పొందుటకు అంగీకార పత్రము, వైద్యశాల ఇచ్చిన చీటీ, ధృవపత్రము భద్రముగ నుంచుకొనవలెను. సంఘటన జరిగిన తొంబది దినములలోపల దరఖాస్తు పెట్టుకొనవలెను. భూమి పట్టాను దాచుకొను పెట్టెలోనే వీనిని దాచుకొనుట యుక్తము.

చివరి ఖర్చు మనసు మార్చుకొనుటవలన వచ్చునది. తెగిన గొట్టములను మరల కలుపు శస్త్రచికిత్స ఉన్నది. కాని అది ఎక్కువసేపు పట్టునది, నేర్పు మిక్కిలి కావలసినది, ఎంత ఆలస్యమైన అంత సందేహాస్పదమైనది. కావున వేసెక్టమీని శాశ్వతమైనదిగ తలచియే చేయించుకొనవలెను. ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము పురుషుడు వివాహితుడై, అరువది ఏండ్లలోపువాడై, కనీసము ఒక బిడ్డ ఏడాది దాటినదై ఉండవలెను. ఇంకను నిశ్చయము కుదరనివారికి నిరోధ్, కాపర్-టి, మాలా-ఎన్ మాత్రలు, అంతరా సూదిమందు ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగ కలవు. వేసెక్టమీ అంటువ్యాధులను ఆపదనియు, సుఖవ్యాధులనుండి, హెచ్.ఐ.వి. నుండి రక్షణకు నిరోధ్ వాడకతప్పదనియు మరువరాదు.

చేయదగినది

ప్రభుత్వము చేయదగినది స్పష్టము. పరిహారమును ఒక అంకెగ కాక కొన్ని దినముల కూలిగ నిర్ణయింపవలెను. ఆయా రాష్ట్రమునందలి కనీస వేతనమును బట్టి వారము దినముల కూలి, తోడువచ్చినవానికి ఒక దినపు కూలి, వీర్యపరీక్షకు ఒక దినపు కూలి, ఛార్జీలు – ఇంతమాత్రము. కూలి పెరిగినపుడు తనంతట పెరుగునట్టిది కావలెను. మరల మరల ఉత్తరువులకై ఎదురుచూడ పనిలేదు. ఇది దేశమంతట ఒక్కతీరుగ వర్తింపవలెను. ఇదే కొలతతో స్త్రీకిని, ఆమె కోలుకొను ఎక్కువ దినములకు తగినట్లు, ఈయవలెను. 2007 నిర్ణయమున స్త్రీకి పురుషునికంటె తక్కువ మొత్తము ఉంచబడినది. పురుషులను ప్రోత్సహించుటకే అట్లు చేసిరి. కాని ఎక్కువ బాధపడువారికి తక్కువ ఇచ్చుటవలన ఆమె పనికి విలువలేదను పాత లెక్కయే బలపడినది. సొమ్ము ఆలస్యము లేక ఖాతాకు చేరవలెను. శస్త్రచికిత్సల సంఖ్యతో ఏ ఉద్యోగి మంచిచెడులును ముడిపడరాదు.

ఇంటిలో చేయదగినదియు అంతే స్పష్టము. బిడ్డలు చాలునని నిశ్చయించుకొన్న దంపతులు ఒక సాయంకాలము కూర్చుండి, భర్తకు ఎన్ని దినముల పని పోవునో, భార్యకు ఎన్ని దినముల పని పోవునో, ఇరువురి పనికిని వెలకట్టి, రెండు వరుసలుగ వ్రాసికొనవలెను. ఆమె పనికి వెల ఎంతని సందేహము కలిగిన, ఆ పనికి మనిషిని పెట్టుకొనిన ఎంత ఇవ్వవలెనో ఆలోచించిన చాలును. ఎవరి శరీరమునకు ప్రమాదము ఎక్కువయో ఆ ప్రక్కనే గురుతు పెట్టుకొనవలెను. ఆ కాగితమును చూచిన పిదపను భార్యయే ముందుకు వచ్చిన, అది ఆమె నిర్ణయము, గౌరవింపదగినది. కాని ఆ కాగితమును వ్రాయకనే ఆమెను పంపుట నిర్ణయము కాదు, అలవాటు.

ఉచితమను మాట మంచిదే. దానిని వినిన కూలివాడు తన వారము దినముల కూలిని తలచుకొని వెనుకకు తగ్గిన, అతనిని అజ్ఞానియని నిందించుట తగదు. అతడు లెక్క తెలిసినవాడు. ఆ లెక్కలో ఒక వరుస మాత్రము వదలివేసినాడు. ఆ వరుస అతని ఇంటిలోనే, అతని ప్రక్కనే, కూలి లేక పనిచేయుచున్నది.